సిబిల్ 587 ఉంది, పూతరేకుల కోసం చిన్న కారు కావాలి. దారి చెప్పండి

ఆత్రేయపురం_రేకు | జూన్ 14, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. మాది ఆత్రేయపురం. ఇంట్లోనే పూతరేకులు చేస్తాం, నాతో కలిపి నలుగురు ఆడవాళ్లం. రోజూ సాయంత్రం స్కూటీ మీద పెట్టెలు కట్టుకుని రావులపాలెం వెళ్లి బస్సుకి వేస్తాను. వారానికి రెండుసార్లు బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ దాటి రాజమండ్రి షాపులకి ఇచ్చి వస్తాను.

మొన్న శనివారం కాలువ గట్టు మీద ఉండగా వాన అందుకుంది. అడుగున తువ్వాలు చుట్టాను, పైన టార్పాలిన్ కప్పాను. అయినా షాపులో పెట్టె తెరిచేసరికి పై వరస రేకులన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. షాపాయన ఒకటి చేత్తో ఎత్తి చూశాడు. రేకు విరగాలి కదండీ, అది తడి కాగితంలా వంగిపోయింది. 18 పెట్టెలు వెనక్కి తెచ్చుకున్నాను.

అందుకే కారు ఆలోచన. కానీ నా సిబిల్ స్కోరు, అదే అప్పులు సరిగ్గా కట్టామా లేదా అని చూసి వేసే మార్కు, 587. కరోనా అప్పుడు పెళ్లిళ్లు లేవు, ఆర్డర్లు లేవు. క్రెడిట్ కార్డు మీద 38,000 బాకీ పడింది. 2021లో వాళ్లే ఫోన్ చేసి 22,000 కడితే సరిపోతుందన్నారు, కట్టేశాను. అంతకు ముందు స్కూటీ లోను ఉండేది, అదీ తీరిపోయింది. ఇప్పుడు ఎవరికీ బాకీ లేను. అయినా స్కోరు ఇలా ఉంది.

ఒక సెకండ్ హ్యాండ్ కార్ల డీలర్ 2015 వ్యాగన్ఆర్ 2,80,000 అన్నాడు. చేతి నుంచి 80,000 కడితే మిగతా 2 లక్షలకి సిబిల్ చూడకుండా ఫైనాన్స్ ఇప్పిస్తాడట. వడ్డీ 14 శాతం, 36 నెలలు, నెలకి 7,889. శ్రావణమాసం లోపు బండి కావాలి. తీసుకోమంటారా?

గోదారి_గట్టు | జూన్ 14, రాత్రి 10:05

తీసేసుకోండి అక్కా. 18 పెట్టెలు పోయాయంటే ఆ నష్టం ఎవరిస్తారు? స్కోరు పెరిగే వరకు కూర్చుంటే రెండు వానాకాలాలు పోతాయి. నాది 600 లోపే ఉన్నప్పుడు ఇలాంటి ఫైనాన్స్‌లోనే బండి తీసుకున్నా. మూడేళ్లు కష్టపడి కట్టా, ఇప్పుడు బండి నాది. బ్యాంకు మేనేజర్ చుట్టూ తిరగడం కంటే అదే నయం.

పాత_క్యాషియర్ | జూన్ 15, ఉదయం 6:20

అమ్మా, తొందరపడకండి. తణుకులో ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటర్‌లో కూర్చున్నవాడిని. ముందు ఆ 14 శాతం సంగతి చూద్దాం.

నెలకి 7,889 చొప్పున 36 నెలలంటే 2,84,000. అంటే 2 లక్షలకి వడ్డీ 84,000. ఇది ఫ్లాట్ వడ్డీ. మీరు నెల నెలా అసలు తీరుస్తున్నా, ఆఖరి నెల వరకు పూర్తి 2 లక్షల మీదే వడ్డీ లెక్కకట్టారన్నమాట. అదే 14 శాతం మిగిలిన అసలు మీద వేస్తే కిస్తీ 6,836 దగ్గర వస్తుంది, మొత్తం వడ్డీ 46,000 చిల్లర. తేడా 38,000. మీ పాత కార్డు బాకీ ఎంతో, సరిగ్గా అంత.

తిరగేసి చూస్తే ఆ ఫ్లాట్ 14 అసలు వడ్డీలో 24 శాతం పైన పడుతుంది. మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే నూటికి రెండు రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా రెండు రూపాయలకి ఇస్తానంటే మీరు ఒప్పుకుంటారా? 14 శాతం అనే మాట వినగానే తక్కువనిపిస్తుంది, అంతే.

ఇంకో మాట. 2024 అక్టోబరు 1 నుంచి రిటైల్ లోను ఏదైనా సరే, ఇచ్చే బ్యాంకు గానీ ఫైనాన్స్ కంపెనీ గానీ సంతకానికి ముందే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు రూలు. అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో ఏపీఆర్ అని రాసి ఉంటుంది. డీలర్‌ని అది అడగండి. ప్రాసెసింగ్, డాక్యుమెంట్ ఛార్జీల పేరుతో 2 లక్షల్లోంచి ముందే ఎంత కోసుకుంటారో కూడా అందులోనే తెలుస్తుంది.

రెండో పని, మీ పూర్తి రిపోర్టు తెచ్చుకోండి. స్కోరు ఒక్కటి చూస్తే ఏమీ తెలియదు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలున్నాయి. ఒక్కొక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు, ఆ భయం వద్దు.

ఆత్రేయపురం_రేకు | జూన్ 15, మధ్యాహ్నం 2:15

క్యాషియర్ గారూ, రెండు రూపాయల వడ్డీ అనగానే గుండె ఝల్లుమంది. మా అత్తగారు బతికుండగా రెండు రూపాయల అప్పు గుమ్మంలోకి రానిచ్చేవారు కాదు. డీలర్‌కి ఫోన్ చేసి ఆ స్టేట్‌మెంట్ అడిగాను. ముందు అడ్వాన్సు 10,000 వేయండి, కాగితాలు తర్వాత చూద్దాం అన్నాడు. వేయలేదు.

గోదారి_గట్టు | జూన్ 15, మధ్యాహ్నం 3:30

నేను ఇంత లెక్క వేసుకోలేదు, నిజమే. ఇప్పుడు నా కాగితాలు తీసి చూస్తే నాదీ ఫ్లాటే. కానీ ఒకటండీ, అప్పుడు నాకు వేరే ఎవరూ ఇవ్వలేదు. బండి లేకపోతే పని లేదు. అక్క పరిస్థితీ అలాంటిదే కదా. వడ్డీ ఎక్కువని పని ఆపుకుంటామా? వద్దంటున్నవాళ్లు వేరే దారి కూడా చూపించాలి.

కోనసీమ_కోడలు | జూన్ 15, రాత్రి 8:50

వేరే దారి అని తమ్ముడి పేరు మీదో బావగారి పేరు మీదో లోను పెట్టమని ఎవరో ఒకరు చెప్తారు. దయచేసి ఆ పని చేయకు చెల్లీ.

మా ఆయనకి సిబిల్ బాగోలేదని మా తమ్ముడి పేరు మీద కారు తీశాం. మేం నడిపాం, కిస్తీ మేమే కట్టాం. ఆ ఏడాది చెరువులో రొయ్యకి తెల్లమచ్చ వచ్చింది. నెలన్నర పిల్ల, మొత్తం పోయింది. రెండు కిస్తీలు ఆలస్యమయ్యాయి. అంతే, రెండే. తర్వాత తమ్ముడు ఇల్లు కట్టుకుందామని లోనుకి వెళ్తే ఆ రెండు ఆలస్యాలూ వాడి రిపోర్టులో ఉన్నాయి. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. మరదలు మాత్రం ఆ సంక్రాంతికి రమ్మని పిలవలేదు.

జామీను సంతకం పెట్టినా ఇంతే. అప్పు తీసుకున్నవాళ్లు కట్టకపోతే జామీనుదారు రిపోర్టు కూడా పాడవుతుంది.

రావులపాలెం_తోట | జూన్ 16, ఉదయం 5:45

మాకు అరటి తోట అండి. సిబిల్ సంగతి నాకు పెద్దగా తెలీదు గానీ, డబ్బు తెచ్చుకునే సంగతి చెప్తాను. ఇంట్లో కాసో రెండు కాసులో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టుకోండి. బంగారం మీద అప్పుకి స్కోరుతో అంత పట్టింపు లేదు, వడ్డీ కూడా మీ డీలర్ వడ్డీలో సగం కంటే తక్కువే ఉంటుంది. ప్రైవేటు కంపెనీల్లో మాత్రం రేటు అడిగి, ఆలస్యమైతే ఎంత వేస్తారో కూడా అడిగి పెట్టండి. పుస్తెలు మాత్రం పెట్టకండమ్మా. డ్వాక్రా గ్రూపులో ఉంటే స్త్రీనిధి లోను గురించి మీ సంఘం లీడర్‌ని కదపండి.

ఇంకోటి, 2,80,000 బండే ఎందుకు? పెట్టెలు తడవకుండా వెళ్లాలి, అంతే కదా మీ అవసరం. లక్షన్నర, రెండు లక్షల్లో చూడండి. ట్రాలీ ఆటో అయితే మా అరటి గెలలకి పనికొస్తుంది గానీ రేకులకి పనికిరాదు. టాపు వేసినా తేమ ఆగదు.

పాత_క్యాషియర్ | జూన్ 16, ఉదయం 7:10

తోట గారు మంచి మాట చెప్పారు. దానికి ఒకటి కలుపుతాను. బంగారం అప్పు కూడా సిబిల్‌కి ఎక్కుతుంది. గడువులో తీర్చేస్తే అది మీ రిపోర్టులో మంచి వరసగా కనబడుతుంది. అంటే కారూ వస్తుంది, స్కోరూ కోలుకుంటుంది. గడువు దాటితే నోటీసు, తర్వాత వేలం. ఎన్ని నెలల్లో తీర్చగలరో ముందు నిర్ణయించుకుని, అంతే పెట్టండి. ఎక్కువ ఇస్తామన్నా తీసుకోవద్దు.

ఆత్రేయపురం_రేకు | జూన్ 22, రాత్రి 10:30

రిపోర్టు వచ్చింది. మా అబ్బాయి ఫోన్‌లో పెద్ద అక్షరాలు చేసి ఒక్కో లైనూ చదివి వినిపించాడు. మూడు సంగతులు బయటపడ్డాయి.

కార్డు ఎదురుగా సెటిల్డ్ అని ఉంది, క్లోజ్డ్ అని లేదు. నేను 22,000 కట్టి అయిపోయిందనుకున్నాను. వాళ్లు మాత్రం మిగతా 16,000 వదులుకున్నామని రాసుకున్నారు.

స్కూటీ లోను ఇంకా నడుస్తున్నట్టే ఉంది, 4,300 ఓవర్‌డ్యూ అట, అంటే గడువు దాటిన బాకీ! నా దగ్గర బాకీ లేదని ఆ కంపెనీ ఇచ్చిన కాగితం, ఎన్‌ఓసీ ఉంది. ఆర్‌సీలో హైపోథికేషన్ (అప్పిచ్చిన కంపెనీ పేరు) తీసేసి కూడా చాలా కాలమైంది.

మూడోది చూసి ఏడుపొచ్చింది. ఈ జూన్‌లో ఒకే వారంలో ఐదు ఫైనాన్స్ కంపెనీలు నా రిపోర్టు చూశాయి. నేను ఆ డీలర్‌కి పాన్, ఆధార్ జిరాక్సులు ఇచ్చి వచ్చాను. అడక్కుండానే ఐదు చోట్లకి పంపించేశాడు.

పాత_క్యాషియర్ | జూన్ 23, ఉదయం 6:05

ఏడవకండమ్మా. మూడింటిలో ఒకటి పూర్తిగా వాళ్ల తప్పు, అది సరిదిద్దించొచ్చు.

సిబిల్ వెబ్‌సైట్‌లో డిస్ప్యూట్ అని ఉంటుంది, రిపోర్టులో తప్పుందని చెప్పుకునేది అక్కడే. స్కూటీ లోను మీద డిస్ప్యూట్ వేయండి. దానికి రూపాయి ఖర్చు లేదు. ఎన్‌ఓసీ కాపీతో లోను ఇచ్చిన కంపెనీకి కూడా విడిగా ఈమెయిల్ పెట్టండి. 30 రోజుల్లో సరిచేయాలి. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023లోనే చెప్పింది, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు, 14448కి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

కార్డు సంగతి వేరు. అక్కడ వాళ్లు రాసింది అబద్ధం కాదు. మిగతా 16,000 కడతాను, నో డ్యూస్ లెటర్ ఇచ్చి క్లోజ్డ్‌గా మారుస్తారా అని కార్డు బ్యాంకుని రాతపూర్వకంగా అడగండి. వాళ్లు ఒప్పుకున్నాకే డబ్బు కట్టండి. ముందు లెటర్, తర్వాత డబ్బు. సెటిల్మెంట్ అప్పుడు ఈ ముక్క మీకెవరూ చెప్పకపోవడం నాకు చాలా బాధగా ఉంది. మా కౌంటర్ ముందు ఇలా ఎంతమంది నిలబడ్డారో నాకు తెలుసు.

ఆ ఐదు కంపెనీలు మీ రిపోర్టు చూసినట్టు పడ్డ ఎంక్వయిరీలు చెరిపించడం మాత్రం కష్టం. కొన్నాళ్లు ఎక్కడా లోనుకి అప్లై చేయకుండా ఉంటే వాటి ప్రభావం తగ్గుతుంది. ఇకపై జిరాక్స్ ఇస్తే దాని మీద ఎందుకిస్తున్నారో రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి.

గేర్_పాలకొల్లు | జూన్ 24, రాత్రి 9:15

నాది మెకానిక్ షెడ్డు. లోను గొడవ పెద్దవాళ్లు చూసుకుంటారు. బండి చూసేటప్పుడు నేను చెప్పేవి గుర్తుపెట్టుకోండి మేడమ్.

మన డెల్టాలో బండికి శత్రువు నీళ్లు. ఒకటి వరద, రెండు ఉప్పుగాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగిన బండి పైకి మెరుస్తుంది, కింద తుప్పు తినేస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని డోరు కింద అంచుని స్క్రూడ్రైవర్‌తో మెల్లగా గుచ్చండి. గట్టిగా టక్‌మంటే పర్లేదు. అప్పడంలా నలిగితే వదిలేయండి. కింద కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే మరీ అనుమానించాలి.

వరదలో మునిగిన బండిని కడిగి పాలిష్ చేసి అమ్ముతారు. 2022 జూలైలో మన లంకలు మునిగాయి, 2024 సెప్టెంబరులో బెజవాడలో బుడమేరు కార్ల మీదుగా పోయింది. ఆ బండ్లన్నీ ఎక్కడికి పోతాయండీ? పట్టుకోవడం ఇలా. సీటు బెల్టుని చివరి వరకు లాగండి. ఎవరూ అంత దూరం కడగరు. చివరి అడుగులో మట్టిచార కనబడితే బండి మునిగినట్టే. తర్వాత స్టెప్నీ తీసి ఆ గుంటలో చెయ్యి పెట్టి చూడండి, ఒండ్రు మన్ను వేళ్లకి అంటుతుంది. మ్యాట్ ఎత్తి వాసన చూడండి.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. మీరు వచ్చేసరికే స్టార్ట్ చేసి ఉంచారంటే ఏదో దాస్తున్నారు. టైరు మీద నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గ్యాస్ కిట్ ఉంటే అది ఆర్‌సీలో ఎక్కి ఉండాలి, లేకపోతే వద్దు.

పాలకొల్లు వైపు వస్తే నేనే చూసి పెడతా. డబ్బులొద్దు, రేకులు ఇవ్వండి చాలు.

యానాం_బాట | జూన్ 25, ఉదయం 11:00

చౌకగా ఉందని పీవై-04 నంబరు బండి తీసుకునేటప్పుడు జాగ్రత్త. యానాం అంటే పక్క ఊరే గానీ, రిజిస్ట్రేషన్‌కి అది పుదుచ్చేరి. అక్కడి రవాణా శాఖ నుంచి ఎన్‌ఓసీ తెచ్చి, ఏపీలో మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టి నంబరు మార్చాలి. హైదరాబాద్ బండికీ ఇదే. ఆ ఖర్చు కలిపి చూసుకుంటే చౌక ఏమీ ఉండదు. ఏపీ05, ఏపీ37, ఏపీ39 బండ్లే చూసుకోండి.

కోనసీమ_కోడలు | జూన్ 25, మధ్యాహ్నం 1:20

పేరు మార్పిడి కూడా చెప్పండి ఎవరైనా. మా వీధిలో ఒకాయన కారు అమ్మి మూడేళ్లయింది, చలాన్లు ఇంకా ఆయనకే వస్తున్నాయి.

పాత_క్యాషియర్ | జూన్ 25, సాయంత్రం 5:40

అమ్మేవారు పేరు మార్పిడి కాగితాలు, ఫారం 29, 30 మీద సంతకం పెట్టి బ్రోకర్ చేతికిస్తారు. బ్రోకర్ వాటిని సంచిలో పెట్టుకుని తిరుగుతాడు. కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకి దరఖాస్తు పెట్టాలి. పెట్టకపోతే అమ్మినవాళ్లకీ కొన్నవాళ్లకీ ఇద్దరికీ ప్రమాదమే. రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే యాక్సిడెంట్ పరిహారానికి వాళ్లదే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

డబ్బు పూర్తిగా ఇచ్చే ముందు ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడండి. ఆర్‌సీలో ఏదైనా ఫైనాన్స్ కంపెనీ పేరు కనబడితే, అమ్మేవారు అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 తెచ్చి ఆ పేరు తీయించాకే మిగతా మాట. మీ బడ్జెట్‌లో ఇన్సూరెన్సు కూడా వేసుకోండి. 1000 సీసీ లోపు కారుకి 2022లో పెట్టిన థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) ప్రీమియం ఏడాదికి 2,094, దాని మీద జీఎస్టీ. ఇంకొకటి, తెల్ల నంబరు ప్లేటు బండి సొంత వాడకానికే, దాన్ని బాడుగకి తిప్పొద్దు. ప్రమాదం జరిగితే క్లెయిం ఇవ్వకుండా తిప్పి పంపొచ్చు.

ఆత్రేయపురం_రేకు | ఆగస్టు 3, రాత్రి 9:00

శ్రావణమాసానికి బండి లేదు. రోజూ 250 ఇచ్చి మా వీధి అబ్బాయి ఆటో మాట్లాడుకున్నాను, రెండు పక్కలా పరదాలు దింపి వెళ్తున్నాం. ఖర్చు ఎక్కువే గానీ ఈ నెలలో ఒక్క పెట్టె వెనక్కి రాలేదు.

స్కూటీ లోను డిస్ప్యూట్ 23వ రోజున సరిచేశారు. క్లోజ్డ్, బాకీ సున్నా అని వచ్చింది. కార్డు బ్యాంకు లెటర్ ఇచ్చింది. 16,000 రెండు విడతల్లో కట్టమన్నారు, మొదటిది కట్టేశాను.

గోదారి_గట్టు | ఆగస్టు 3, రాత్రి 9:25

అక్కా, మీరు ఆగి మంచి పని చేశారు. నేను తొందరపెట్టాను, మనసులో పెట్టుకోకండి. నేనూ నా రిపోర్టు తీయించాను, అందులో నా చిరునామాయే తప్పు ఉంది.

ఆత్రేయపురం_రేకు | జనవరి 11, రాత్రి 8:10

బండి వచ్చిందండి! 2013 వ్యాగన్ఆర్, ఏపీ05 నంబరు, 1,95,000. కొత్తపేటలో రిటైరైన ఒక మాస్టారిది. ఆయన మొదటి ఓనరు, లోను ఏమీ లేదు. చీటీ పాడుకుని 1,10,000 తెచ్చాను, మిగతా 85,000 రెండు కాసుల గొలుసు బ్యాంకులో పెట్టి తీసుకున్నాను. బ్యాంకు వాళ్లు ఇంకా ఎక్కువ ఇస్తామన్నారు, క్యాషియర్ గారి మాట గుర్తొచ్చి వద్దన్నాను. స్కోరు డిసెంబరులో 664 చూపించింది.

పాలకొల్లు తమ్ముడు షెడ్డు వదిలి కొత్తపేట వచ్చి మరీ చూశాడు. సీటు బెల్టు చివరిదాకా లాగాడు. ముందు చక్రం బేరింగు ఒకటి మార్చాలన్నాడు. మాస్టారు ఆ 2,500 తగ్గించబోతే, వద్దు, నేనే మార్చి ఇస్తానని ఆయనకి చెప్పాడు. రిజిస్ట్రేషన్ 2028 వరకు ఉంది, అప్పుడు రెన్యువల్ చేయించాలి. పేరు మార్పిడికి నిన్నే దరఖాస్తు పెట్టాం, మాస్టారు కూడా మాతో వచ్చారు.

రావులపాలెం_తోట | జనవరి 11, రాత్రి 8:40

ఆయ్, చాలా సంతోషమమ్మా. వెనక సీటు మడిస్తే ఎన్ని పెట్టెలు పట్టాయి?

ఆత్రేయపురం_రేకు | జనవరి 12, ఉదయం 9:50

62. ఈ రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి బయలుదేరాం. గట్టు మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే, కాలువ ఎటుందో కనబడలేదు. లైట్లు వేసుకుని మెల్లగా నడిపాడు మా అబ్బాయి. రాజమండ్రి షాపులో మొదటి పెట్టె నేనే తెరిచాను. పై రేకు పట్టుకుంటే చేతిలోనే పొడిపొడిగా విరిగింది. షాపాయన పండగకి ఇంకో 40 పెట్టెలు అడిగాడు. పొయ్యి మీద కుండ పెట్టి వచ్చాను, మళ్లీ వస్తాను. గొలుసు ఉగాది లోపు విడిపించాలి.